సత్తుణవు దగ్గర అమ్మలెక్కడ?

మన హోసూరు, కృష్ణగిరి వైపు ఊళ్లలో బడి నుంచి ఇంటికి పిలుపు వచ్చిందంటే మామూలుగా మూడే కారణాలు. పిల్లాడు బడికి రావడం లేదు, పిల్లాడు ఎవర్నో కొట్టాడు, లేదంటే ఏదో కాగితం మీద సంతకం కావాలి. "మీ పాప మధ్యాహ్నం అన్నం సగం వదిలేస్తోందమ్మా, ఒకరోజు వచ్చి చూడండి" అని పిలిచిన బడి ఒక్కటి కూడా నాకు ఎదురు కాలేదు. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, సంతోషిస్తాను.

చిన్న పిల్లల తిండి గురించి మాట్లాడేటప్పుడు మనం రెండే మాటలు అంటాం. ఒకటి, సర్కారు ఇంకా పెట్టాలి. రెండు, తల్లులకి అవగాహన లేదు. మొదటి దానితో నాకు పేచీ లేదు. రెండో మాట వింటే మాత్రం కోపం వస్తుంది. అవగాహన కలిగే చోటికి తల్లిని రానివ్వకుండా, ఆమెకి అవగాహన లేదనడం ఏం న్యాయం? ఒకటి నుంచి ఐదు దాకా చదివే పిల్లల తిండి బాగుపడాలంటే, వంట గదిలోకీ పంక్తి దగ్గరికీ తల్లిదండ్రుల్ని రానివ్వాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

బడిలో తిండి పెట్టడం మన రాష్ట్రానికి కొత్త కాదు. 1920లో చెన్నపట్నం కార్పొరేషన్‌కి అధ్యక్షులుగా ఉన్న పిట్టి త్యాగరాయ చెట్టిగారు, మన తెలుగువారే, థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకి టిఫిను మొదలుపెట్టించారు. ఒక్కో పిల్లకి రోజుకి అణా మించకూడదని లెక్క. పేదరికం వల్ల పిల్లలు బడికి రావడం లేదని తెలిసి చేసిన పని అది. తర్వాత 1956లో కామరాజుగారు రాష్ట్రమంతటా మధ్యాహ్నం అన్నం పెట్టించారు. 1982లో ఎం.జి.ఆర్. దాన్ని సత్తుణవు చేశారు. ఆ తర్వాత గుడ్డు వచ్చింది, అదీ ముందు అప్పుడప్పుడు, ఇప్పుడు బడి ఉన్న ఐదు రోజులూ. 2022 సెప్టెంబరులో మదురైలో పొద్దుటి టిఫిను కూడా మొదలైంది. ఇంత చరిత్రలో ముఖ్యమంత్రులు ఉన్నారు, అధికారులు ఉన్నారు, టీచర్లు ఉన్నారు. తిన్న పిల్లల తల్లులు మాత్రం ఎక్కడా కనబడరు. పెట్టింది తినిపించుకునే వాళ్లుగానే మిగిలిపోయారు.

చట్టంలో మాత్రం వాళ్లకి కుర్చీ వేసే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడిలో స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉండాలి, అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మధ్యాహ్న భోజనం ఎలా జరుగుతోందో చూడాల్సింది కూడా ఆ కమిటీయే. వడ్డించే ముందు టీచరుతో పాటు ఒకరిద్దరు పెద్దవాళ్లు రుచి చూడాలనే నియమమూ ఉంది. మరి జరుగుతున్నదేమిటి? మా ఊళ్లో ఒకామె ఆ కమిటీలో సభ్యురాలు. రెండేళ్లలో ఎన్నోసార్లు సంతకం పెట్టిందట. వంట గది గడప ఒక్కసారి కూడా తొక్కలేదు. "అక్కా, లోపలికి పోయి చూస్తే ఏమైంది?" అంటే, "పిలిస్తే కదా పాపా పోయేది, పిలవకుండా పోతే తప్పు పట్టుకోను వచ్చిందని అనుకోరా?" అంది. ఆ భయం నిజమే. రుచి చూసే హక్కు మీకుందని ఎవరూ ఆమెకి చెప్పలేదు.

చూస్తే ఏమొస్తుంది అని అడగొచ్చు. ఒక చిన్న లెక్క చెప్తాను. ప్రైమరీ పిల్లకి మధ్యాహ్నం భోజనంలో 450 క్యాలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలని కేంద్రం పెట్టిన కొలత. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు. అంటే సగం అక్కడే వచ్చేస్తుంది. గుడ్డు తినని పిల్లలకి అరటిపండు ఇస్తారు, మంచిదే, కానీ దాంట్లో మాంసకృత్తులు గ్రాము చుట్టూనే. మా పిల్లకి గుడ్డు వద్దని ఇంట్లో చెప్పేసిన తల్లిని నేను తప్పు పట్టను, అది వాళ్ల ఆచారం. అయితే ఈ లెక్క ఆమెకి తెలిస్తే సాయంత్రం గుప్పెడు ఉడికించిన శనగలో పెసలో పెడుతుంది. తెలియకపోతే "బళ్లో అన్నీ పెడతారు కదా" అని ఊరుకుంటుంది. ఇంటికీ బడికీ మధ్య మాటే లేనప్పుడు ఒకరి మీద ఒకరు భారం వేసేసి ఇద్దరూ నిశ్చింతగా ఉంటారు. మధ్యలో పిల్ల కడుపే సగం ఖాళీ.

ఇంకోటి, గేటు బయట కొట్టు. పొద్దున పనికి పోయే తొందర్లో చేతిలో పది రూపాయలు పెట్టి పంపిస్తాం. పదకొండు గంటల బెల్లుకి ఆ పది రూపాయలు చిప్స్ ప్యాకెట్ అవుతాయి. పన్నెండున్నరకి సాంబారన్నం ముందు కూర్చున్న పిల్లకి ఆకలి ఎక్కడుంటుంది? అన్నం చెత్తబుట్టలోకి పోతుంది. టీచరు చూసి "ఈ పిల్లలకి సత్తుణవు నచ్చదు" అని తీర్మానిస్తుంది. ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువున్న తిళ్లు బడి ఆవరణలోనూ గేటు నుంచి 50 మీటర్ల లోపూ అమ్మకూడదని 2020లో కేంద్రం నిబంధన చేసింది. ఆ 50 మీటర్లని టేపు పట్టుకుని కొలిచే అధికారి మన ఊళ్లకి ఎప్పుడొస్తాడో చెప్పలేం. నలుగురు తల్లులు కలిసి కొట్టాయనతో "అన్నా, పల్లీ ఉండ, అరటిపండు పెట్టు, మేమే కొంటాం" అంటే మాత్రం ఆయన రేపే పెడతాడు. వ్యాపారం కదా.

దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం దేశంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 మందికి. ఆ రెండో లెక్కలో మనం ఉన్నాం. క్లాసులో మధ్యాహ్నం తర్వాత తల వాల్చేసే వాళ్లని ఒకసారి లెక్కపెట్టండి. బడి వయసులో సరిగా నిండని రక్తం కాలేజీకి వచ్చాక ఐరన్ మాత్ర వేసుకోగానే నిండిపోదు. పొద్దున టీలో బన్ను ముంచి పిల్లకి ఇచ్చే ఇళ్లు మనవి. తిండితో పాటు టీ తాగితే అందులోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి డాక్టరు రానక్కర్లేదు, నెలకోసారి జరిగే కమిటీ మీటింగులో ఐదు నిమిషాలు చాలు.

చెప్పడమే కాదు, తల్లుల దగ్గర నేర్చుకోవాల్సిందీ ఉంది. రాగి పండే నేల మనది. సంగటి ముద్ద తిని పెరిగిన ఇళ్లు మనవి. బియ్యంలో కన్నా రాగిలో కాల్షియం ఎన్నో రెట్లు ఎక్కువ. పెరట్లో మునగ చెట్టు లేని ఇల్లు తక్కువ. సాంబారులో గుప్పెడు మునగాకు వెయ్యమని ఏ జీ.వో. అయినా ఎప్పుడు చెప్తుంది? పొద్దుటి టిఫిను వండేది పొదుపు సంఘాల ఆడవాళ్లే, వాళ్లలో ఆ బడిలోనే పిల్లల్ని చదివించుకునే తల్లులూ ఉన్నారు. తన బిడ్డ కూర్చున్న పంక్తిలో తనే వడ్డించే ఆమె ఉప్మాలో కూరగాయలు తగ్గిస్తుందా?

టీచర్లు ఒక అభ్యంతరం చెప్తారు, అది వినాలి. "పెద్దవాళ్లని వంట గది దాకా రానిస్తే రాజకీయం వస్తుంది, కులం వస్తుంది" అని. వచ్చిన సంగతి దాచిపెట్టలేం. 2018లో తిరుప్పూరు జిల్లాలో ఒక దళిత మహిళ వండితే మా పిల్లలు తినరని కొందరు పెద్దలు గొడవ చేశారు. ఆమెను వేరే బడికి మార్చారు కూడా, అది పెద్ద రచ్చయి కేసు దాకా పోయింది. అలాంటి వాళ్లని ఎవరూ పిలవలేదు, వాళ్లే వచ్చారు. కులం కోసం వచ్చేవాళ్లకి పిలుపు అక్కర్లేదు. పిల్ల కడుపు కోసం రావాలనుకునే వాళ్లే పిలుపు కోసం ఎదురు చూస్తూ ఇంట్లో ఉండిపోతున్నారు. అందుకే ఇంకా ఎక్కువ మందిని పిలవాలంటాను. ఆ ఆయా పక్కన పదిమంది తల్లులు అదే పంక్తిలో కూర్చుని అదే అన్నం తిని ఉంటే గొడవ చేసేవాళ్లకి ఆ గొంతు వచ్చేదా?

ఇంకో ఇబ్బంది నిజంగా పెద్దది. మన వైపు తల్లులు రోజా తోటలకి పోతారు, కంపెనీ షిఫ్టులకి పోతారు. పని దినం మధ్యాహ్నం మూడు గంటలకి మీటింగు అంటే సగం కూలి పోయినట్టే. పైగా 'తల్లి' అంటూనే ఉన్నాం, నేను కూడా ఇందాకటి నుంచి అదే రాస్తున్నాను, తండ్రి ఎక్కడికి పోయాడు? తిండి మాట రాగానే ఆడదాని పని అయిపోతుందా? నా మట్టుకు ఏమనిపిస్తుందంటే, నెలంతా ఎవరూ రానక్కర్లేదు. ఒక్కో ఇంటి నుంచి ఏడాదికి ఒక్క రోజు, అమ్మో నాన్నో అవ్వో తాతో, ఎవరికి వీలైతే వాళ్లు వచ్చి రుచి చూసి, పిల్లలతో కూర్చుని తిని, పుస్తకంలో రెండు ముక్కలు రాసిపోవాలి. రాయడం రాకపోతే చెప్తే టీచరు రాసుకోవాలి. అరవై మంది పిల్లలున్న బడికి వారానికి ఒకరో ఇద్దరో వచ్చినట్టు. 2024 డిసెంబరులో ఆంధ్రలో బడులన్నిటా ఒకేరోజు తల్లిదండ్రుల్ని పిలిచి పెద్ద సమావేశం జరిపారు, కుప్పం వైపు మన చుట్టాలు గొప్పగా చెప్పుకున్నారు. బాగానే ఉంది కానీ పండగ రోజు వంట ఎవరైనా బాగానే వండుతారు. మామూలు మంగళవారం నాటి సాంబారు ఎలా ఉందో చూడాలి.

మేడమ్ వాళ్లకి ఒక విన్నపం. ఈసారి ఎన్.ఎస్.ఎస్. క్యాంపుకి పోయే ఊళ్లో మనం చెట్లు నాటడంతో పాటు ఇంకో పని చేయొచ్చు. మెనూ బోర్డు తమిళంలో ఉంటుంది. మాట్లాడ్డం వచ్చినా చదవడం రాని తెలుగు అవ్వలు, అమ్మలు చాలామంది. ఏ రోజు ఏం పెట్టాలి, ఒక్కో పిల్లకి ఎంత పెట్టాలి, కమిటీలో మీకేం హక్కుంది అన్నవి పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక చార్టు మీద రాద్దాం. మన డిపార్ట్‌మెంటుకి చేతనైన పని ఇది. చార్టు బడి గోడకి మాత్రం వద్దు, రేషన్ కొట్టు దగ్గర అంటిద్దాం. అమ్మలు గంటల తరబడి నిలబడేది అక్కడే.