పిట్ట కాని పిట్ట

పువ్వు ముందు గాలిలో నిలిచి తేనె త్రాగే చిన్ని ప్రాణిని చూసి "మా తోటకు హమ్మింగ్‌బర్డ్ వచ్చింది" అని మురిసిపోయేవారు మన దేశంలో తరచు కనిపిస్తారు. హమ్మింగ్‌బర్డ్‌లు సహజంగా నివసించేది అమెరికా ఖండాలలోనే. మన తేనెపిట్ట వేరు. అది ఎక్కువగా కొమ్మపై వాలి త్రాగుతుంది. గాలిలో నిలిచి త్రాగేది తరచు హాక్‌మాత్ అనే చిమ్మట, సీతాకోకచిలుకకు చుట్టం.

ఈ భ్రమ పాతదే. అమెజాన్ ప్రాంతంలో తాను ఇటువంటి చిమ్మటను హమ్మింగ్‌బర్డ్ అనుకొని పలుమార్లు తుపాకీతో కొట్టానని ఆంగ్ల ప్రకృతి శాస్త్రజ్ఞుడు హెన్రీ వాల్టర్ బేట్స్ 1863లో వెలువడిన గ్రంథంలో వ్రాశాడు. ఒకటి రెండవదిగా మారుతుందని అక్కడివారి నమ్మకమట!

పోలిక అంత గట్టిది మరి. ఉత్తర అమెరికా తూర్పు భాగంలోని రూబీ త్రోటెడ్ హమ్మింగ్‌బర్డ్ తూకం సుమారు 3 గ్రాములు. సెకనుకు దాదాపు 50 సార్లు రెక్కలాడిస్తుంది. ఐరోపా, ఆసియాలలో తిరిగే హమ్మింగ్‌బర్డ్ హాక్‌మాత్ 70 సార్లకు పైగా ఆడిస్తుంది. దీని దగ్గరి జాతులు దక్షిణ భారతంలోనూ ఉన్నాయి. ఒకే పని రెండింటినీ వేర్వేరుగా ఒకే తీరున మలచింది. అయినా పిట్టకు ఎముకలు, ఈకలు, ముక్కు. చిమ్మటకు నాలుగు రెక్కలు, ఆరు కాళ్ళు, గడియారపు స్ప్రింగులా చుట్టుకొనే తొండం.

ఏ పేరున పిలిస్తేనేం, చూసి ఆనందించాము కదా అనవచ్చు. నేనొప్పుకోను. అసలు భేదం బాల్యంలో ఉంది. పిట్ట కూనకు తల్లి గూటిలోనే తేనె, చిన్న పురుగులు తినిపిస్తుంది. చిమ్మట బిడ్డ ఆకు తిని పెరిగే గొంగళిపురుగు. సాధారణంగా దాని వెనుక కొసన చిన్న కొమ్ము ఉంటుంది. పిట్ట అనుకున్నవాడు దానికి గూడు వెదకుతాడే గాని ఆకు తిరగేసి చూడడు. పురుగు కనబడితే మందు చల్లుతాడు. మరుసటి ఏడు "ఆ పిట్ట రాలేదేమి?" అని వగస్తాడు. తప్పు పేరు సగం జీవితాన్ని మన కంటికి కనబడనీయదు.

కనుక దీనికి మన భాషలో సొంత పేరొకటి కావాలి. మీ ప్రాంతంలో వాడుకలో ఉంటే దయచేసి తెలుపగలరు. అంతవరకు, కొమ్మున్న గొంగళిపురుగు కనబడితే నాలుగు ఆకులు దానికి వదిలేయండి.