‘మొదట్నుంచీ చూశారా?’

పోయిన వానాకాలం ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో టిఫిన్ డబ్బాలు విప్పుకుంటున్నాం. మాటల్లో నేను ఈమధ్య ‘డాక్టర్ హూ’ చూస్తున్నానని చెప్పాను. కొత్త నవలేదో చదువుతున్నానని చెప్పినంత మామూలుగానే చెప్పాను. ఫిజిక్స్ చెప్పే కుర్రాడు అన్నం కలుపుతున్న చేయి ఆపి, “మేడం, మీరా?” అన్నాడు.

ఆ “మీరా?”లో చాలా ఉంది. యాభై దాటిన ఆడమనిషి, తెలుగు చెప్పే మనిషి, సిద్దిపేట మనిషి.

“మొదట్నుంచీ సూస్తున్నరా మేడం?”

“లేదయ్యా, మధ్యలోంచి.”

“ఏ డాక్టర్‌తోని మొదలువెట్టిండ్రు?”

“ఆమెతోనే. ఆడ డాక్టర్‌తో.”

నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, జాలి నవ్వు. “అయ్యో మేడం, ఆమెతోని మొదలువెట్టొద్దు. అది అసలైంది గాదు. కనీసం 2005 నుంచి సూడాలె. నిజం చెప్పాలంటే 1963 నుంచి సూడాలె. లేకుంటే మీకు సమజ్ గాదు.”

నాకు సమజయింది. సీరియల్ సంగతే కాదు, ఆ ప్రశ్న సంగతి కూడా. ముప్ఫై ఏళ్ళుగా సాహిత్య సభల్లో, సెమినార్లలో ఆ ప్రశ్నని వేర్వేరు గొంతుల్లో వింటూనే ఉన్నాను. “మొదట్నుంచీ చదివారా?” దానికి అసలు అర్థం “మాట్లాడే అర్హత ఉందా?” అని.

తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. ‘డాక్టర్ హూ’ బీబీసీ వాళ్ళ సైన్స్ ఫిక్షన్ సీరియల్. 1963 నవంబర్ 23న మొదలైంది. 1989లో ఆగింది. మధ్యలో 1996లో ఒక టీవీ సినిమాగా తొంగిచూసి, 2005లో మళ్ళీ సీరియల్‌గా లేచింది. డాక్టర్ అనే పేరుతో తిరిగే ఒక గ్రహాంతరవాసి, కాలంలోకీ ఆకాశంలోకీ ప్రయాణించే ఒక యంత్రం. పైకి అది పాతకాలం లండన్ వీధుల్లో ఉండే నీలం పోలీసు డబ్బా. లోపల మాత్రం ఊరంత. చావు దగ్గరికొస్తే డాక్టర్ ఒళ్ళు మార్చుకుని వేరే ముఖంతో, వేరే స్వభావంతో బతుకుతాడు. 1966లో మొదటి నటుడు విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం పాడవుతున్నప్పుడు కథని ఆపకుండా ఉండడానికి కనిపెట్టిన ఉపాయం ఇది. అంటే ఈ కథ బతికిందే మళ్ళీ మళ్ళీ మొదలవడం వల్ల. అలాంటి కథకి కాపలా కూర్చుని “మొదట్నుంచీ చూశారా?” అని అడుగుతున్నారు!

నన్ను ఇందులోకి దింపింది మా చెల్లెలి కూతురు. సెలవులకొచ్చి లాప్‌టాప్ నా ముందు పెట్టింది. “పెద్దమ్మా, ఇదొక్కటి సూడు. ముందుది ఏం తెల్వకున్నా ఏం గాదు. నీకు తెల్సిన కథనే ఇది,” అంది. 2018 నవంబర్‌లో వచ్చిన ఎపిసోడ్ అది, పేరు ‘డీమన్స్ ఆఫ్ ద పంజాబ్’. రాసింది వినయ్ పటేల్. యాస్మిన్ అనే అమ్మాయి ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పుట్టి పెరిగింది. అమ్మమ్మ ఉంబ్రీన్ ఆమె చేతిలో ఒక పగిలిన గడియారం పెడుతుంది, దాని కథ మాత్రం చెప్పదు. కథ తెలుసుకోవాలని యాస్మిన్ డాక్టర్‌ని బతిమాలి 1947 ఆగస్టులోని పంజాబ్‌కి వెళ్తుంది. అక్కడ ముస్లిం అమ్మాయి ఉంబ్రీన్, హిందూ యువకుడు ప్రేమ్ పెళ్ళి చేసుకోబోతున్నారు. సరిహద్దు గీత వాళ్ళ పొలం మధ్యలోంచే పోతుంది. ఆ పెళ్ళి డాక్టరే చేయిస్తుంది. ప్రేమ్‌ని మాత్రం కాపాడలేదు. ప్రేమ్ చావుకి కారణం బయటినుంచి వచ్చిన రాక్షసులు కాదు, సొంత తమ్ముడు. రాక్షసులనుకున్న గ్రహాంతరవాసులు నిజానికి దిక్కులేకుండా ఒంటరిగా చనిపోయేవాళ్ళ పక్కన సాక్షులుగా నిలబడడానికి వచ్చినవాళ్ళు.

నేను అక్కడే ఆగిపోయాను. మా అమ్మమ్మ ఇంట్లో, గూట్లో ఒక ఇత్తడి పాన్‌దాన్ ఉండేది. మాది నేతపని ఇల్లు. మా ఇంట్లో పాన్‌దాన్ వాడేవాళ్ళెవరూ లేరు. ప్రతి పండక్కీ అమ్మమ్మ దాన్ని చింతపండుతో తోమి మళ్ళీ గూట్లోనే పెట్టేది. “ఎవరిదమ్మమ్మా?” అంటే, “ఒకామెది. వస్తే ఇయ్యాలె,” అనేది. ఎప్పుడు ఇచ్చింది, ఎందుకిచ్చింది అంటే “రజాకార్ల జమానల...” అని మొదలుపెట్టి ఆగిపోయేది. పోలీసు చర్య 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా జరిగింది. పుస్తకాల్లో అయిదు రోజులు. తర్వాత ఊళ్ళలో జరిగిన హింస మీద పండిట్ సుందర్‌లాల్ బృందం ఇచ్చిన నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. అమ్మమ్మ కథ కూడా రాలేదు. ఆమె పోయాక పాన్‌దాన్ నా దగ్గరికొచ్చింది. ఆ “ఒకామె” పేరు నాకు తెలీదు.

ఇప్పుడు చెప్పండి, నేనీ ఎపిసోడ్‌ని అర్థం చేసుకోవడానికి దాలెక్‌లు ఎవరో, టైం లార్డ్‌ల గ్రహం పేరేంటో తెలియాలా? ఈ కథకి ‘మొదలు’ 1963లో లండన్ స్టూడియోలో లేదు. మా అమ్మమ్మ గూట్లో ఉంది. చివర్లో అమ్మమ్మ ఉంబ్రీన్ గడియారం కథ చెప్పడానికి సిద్ధపడుతుంది. యాస్మిన్ “ఇంకోసారి చెబుదువు గానీ” అంటుంది. ఆ దృశ్యంలో ఏడ్చినంతగా నేను ఏ ‘అసలైన’ సాహిత్యానికీ ఏడవలేదు.

సరిగ్గా ఈ సీజన్‌నే మా కుర్రాడు “అసలైంది గాదు” అన్నాడు. ఆ మాట అతనొక్కడిది కాదు. 2017లో జోడీ విట్టకర్‌ని డాక్టర్‌గా ప్రకటించినప్పుడు, పదమూడో డాక్టర్‌గా ఒక ఆడది రావడానికి 54 ఏళ్ళు ఎందుకు పట్టిందని అడిగినవాళ్ళకంటే, ఎందుకొచ్చిందని అడిగిన గొంతులే పెద్దగా వినిపించాయి. “రాజకీయాలు ఎక్కువయ్యాయి” అన్నారు. మనకి అలవాటైన మాటే. 1980ల్లో మన కవిత్వానికీ ఇదే మాట అన్నారు.

సరే, వాళ్ళ ‘మొదలు’కే వెళ్దాం. 1963లో ఈ సీరియల్‌కి మొదటి నిర్మాత వెరిటీ లాంబర్ట్. అప్పటికి ఆమెకి 27 ఏళ్ళు. బీబీసీ డ్రామా విభాగంలో ఆ రోజున ఇంకో ఆడ నిర్మాత లేదు. మొదటి కథకి దర్శకుడు వారిస్ హుసేన్, లక్నోలో పుట్టినవాడు. ఆ మొదటి ఎపిసోడ్‌లో మనల్ని కథలోకి తీసుకెళ్ళేది చరిత్ర చెప్పే టీచర్ బార్బరా, సైన్స్ చెప్పే ఆమె సహోద్యోగి ఇయాన్. ఒక విద్యార్థిని గురించి బెంగపడి, ఇద్దరూ కలిసి ఆ డబ్బాలోకి అడుగుపెడతారు. చివరికి టైటిల్ సంగీతం. స్వరం రాన్ గ్రెయినర్‌ది. దాన్ని టేపు ముక్కలు కోసి, అతికించి, ఒక్కొక్క నాదాన్ని చేత్తో తయారుచేసింది డీలియా డెర్బీషైర్. ఆమెకి సహ స్వరకర్తగా పేరు ఇవ్వాలని గ్రెయినరే అడిగాడు. బీబీసీ నియమాలు ఒప్పుకోలేదు. తెర మీద ఆమె పేరు పడింది 2013లో, యాభై ఏళ్ళ పండగ ఎపిసోడ్‌లో. అప్పటికి ఆమె చనిపోయి పన్నెండేళ్ళు.

అంటే ఈ ఇంటి గడప వేసింది ఒక ఆడది, గుమ్మంలో పాట కట్టింది ఇంకో ఆడది. ఆ గుమ్మం దగ్గరే మనల్ని ఆపి “కొత్తవాళ్ళా?” అని అడుగుతున్నారు.

అసలు మొదటినుంచీ చూడడం ఎవరికి సాధ్యం? బీబీసీ డబ్బు ఆదా కోసం పాత టేపుల్ని చెరిపేసింది. 1960ల ఎపిసోడ్లలో సుమారు వంద ఇప్పటికీ దొరకలేదు. వాటి శబ్దం మాత్రం మిగిలింది, అదీ ఇళ్ళల్లో టేప్ రికార్డర్‌లో పట్టుకున్న ప్రేక్షకుల పుణ్యమా అని. మొట్టమొదటి ఎపిసోడ్‌నే తీసుకోండి. కెనడీని కాల్చి చంపిన మర్నాడు అది వచ్చింది. చాలామంది చూడలేకపోయారని మరుసటి వారం రెండో భాగానికి ముందు దాన్ని మళ్ళీ వేశారు. రెండో వారానికే, మొదలు తప్పిపోయినవాళ్ళ కోసం మళ్ళీ మొదలుపెట్టిన సీరియల్ ఇది! దాని మర్యాద దాని భక్తులకి లేకపోయింది.

ఆ మర్యాద మన తెలుగు వారపత్రికలకి ఉండేది. యద్దనపూడి, మాదిరెడ్డి, రంగనాయకమ్మల నవలలు సీరియల్‌గా వచ్చే రోజుల్లో, పేజీ పైన ‘జరిగిన కథ’ అని నాలుగు వాక్యాలు వేసేవాళ్ళు. నేను హైస్కూల్లో ఉండగా పక్కింట్లోంచి అరువు తెచ్చుకున్న సంచికలో పద్దెనిమిదో వారంనుంచి ఒక నవలలోకి దూరాను. ఎవరూ నన్ను అర్హత అడగలేదు. ‘జరిగిన కథ’ అంటే “రామ్మా, కూర్చో, ఇంతవరకూ ఇది జరిగింది” అని చెప్పడం. కొమురవెల్లిలో ఒగ్గు కథ నడుస్తుండగా మధ్యలో వచ్చి కూర్చున్న మనిషికి పక్కనున్న ముసలామె చెవిలో చెప్పేది అదే. పొయ్యి మీద పప్పు చూసుకుంటూ, పిల్లాడికి ముక్కు తుడుస్తూ, ముక్కలు ముక్కలుగా కథలు వినడం మన ఆడవాళ్ళు తరతరాలుగా నేర్చిన విద్య. కొత్త కోడలిగా, నడుస్తున్న ఇంటి కథలోకి మధ్యలోంచి ప్రవేశించి, ఎవరు ఎవరితో ఎందుకు మాట్లాడరో వారంలో కనిపెట్టిన మనకి, ఒక సీరియల్ మధ్యలోంచి అర్థం కాదట!

ఇంకో సంగతి. ఆడవాళ్ళు సాయంత్రం చూసేది ‘సీరియల్’, మగవాళ్ళు రాత్రంతా చూసేది ‘సిరీస్’. అరవై ఏళ్ళుగా సాగే ఆడవాళ్ళ కథ అయితే “సాగదీత”, మగవాళ్ళ కథ అయితే “కల్ట్”. మన నవలల్ని ‘వంటింటి సాహిత్యం’ అని వెక్కిరించిన విమర్శ ఇప్పుడు ఇంగ్లీషు నేర్చుకుని వచ్చింది, అంతే తేడా.

అయితే తప్పు వాళ్ళదే అనుకుని ఊరుకుంటే ఈ వ్యాసం సగమే అవుతుంది. మనమూ సైన్స్ ఫిక్షన్‌ని మగపిల్లల బొమ్మగా తీసి పక్కన పెట్టాం. ఆడవాళ్ళు రాజ్యమేలి, మగవాళ్ళు పరదాలో ఉండే లోకాన్ని రుకియా సఖావత్ హుసేన్ ‘సుల్తానాస్ డ్రీమ్’లో ఊహించింది 1905లో. సౌరశక్తినీ, ఎగిరే బండ్లనీ కూడా ఊహించింది. దాన్ని అచ్చు వేసిన మద్రాసు ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’కి సంపాదకురాలు కమలా సత్యనాథన్, రాజమండ్రిలో పుట్టిన మన తెలుగావిడ. ఈ ‘మొదలు’ మన పాఠాల్లో ఎక్కడుంది? మనం ఎంత మందికి చెప్పాం?

అంతకంటే చేదు నిజం ఒకటుంది. స్త్రీవాద సభల్లోకి దళిత, ముస్లిం, బీసీ స్త్రీలు వచ్చి ప్రశ్నలు వేసినప్పుడు, “ముందు సిద్ధాంతం చదువుకుని రండి” అన్న గొంతుల్లో ఆడగొంతులూ ఉన్నాయి. ఒక సభలో నేనూ ఒక కొత్త అమ్మాయిని “ఫలానాది చదివావా?” అని అడిగాను. ఆమె కూర్చుండిపోయింది. మళ్ళీ లేవలేదు. ఆ అమ్మాయి ముఖం నాకు మా ఫిజిక్స్ కుర్రాడి ముందు గుర్తొచ్చింది. 2003లో గోగు శ్యామల ‘నల్లపొద్దు’ తెచ్చినప్పుడు, దళిత స్త్రీల సాహిత్యాన్ని 1921 నుంచి లెక్కగట్టి చూపించింది. ఎవరో చూపించిన గుమ్మం దగ్గర నిలబడి అనుమతి అడగలేదు. మొదలు ఎక్కడో తానే చెప్పింది. చరిత్రలో ‘మొదలు’ అనేది దొరికే వస్తువు కాదు, ఎవరో ఒకరు నిర్ణయించేది. ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే రాజకీయం.

నేను తెలియకపోవడాన్ని గొప్పగా చెప్పడం లేదు. పాఠం చెప్పి బతికే మనిషిని, ఆ మాట ఎలా అంటాను? ఇప్పుడు 1963కి కూడా వెళ్ళాను. నలుపు తెలుపు బొమ్మలో బార్బరా టీచర్, అజ్‌టెక్ గుడిలో దేవతగా నిలబడి నరబలి ఆపాలని చూస్తుంది. చరిత్రలో ఒక్క గీత కూడా మార్చలేవని డాక్టర్ కసిరినా వినదు. ఆమెను చూసి మురిసిపోయాను. మొదటినుంచీ చూడడం ఒక ఆనందం. కాదనను. కానీ అది ఆనందం మాత్రమే, అర్హత కాదు. రమ్మని పిలిచినప్పుడు చెప్పే మాట వేరు, ఆపడానికి చెప్పే మాట వేరు. రెంటిలోనూ పదాలు ఒకటే కావచ్చు, విన్నవాళ్ళకి తేడా తెలుస్తుంది.

మొన్న ఎం.ఏ. చదివే అమ్మాయి ఒకతి వచ్చి, “మేడం, నేను స్త్రీవాదం గురించి ఏమీ చదవలే. ఎక్కడ్నుంచి మొదలువెట్టాలె?” అని అడిగింది. నా నోట్లోకి ఒక పెద్ద జాబితా వచ్చింది. మింగేశాను.

“నీకు ఏది నొప్పి పెడుతున్నదో అక్కడ్నుంచి మొదలువెట్టు బిడ్డా,” అన్నాను. “కూచో. జరిగిన కథ నేను చెప్తా.”