నోరుండీ మాట్లాడనివి

మొన్న దసరాకి మా ఆఫీసులో ఆయుధపూజ చేశారు. సర్వర్ రూం తలుపుకి బంతిపూల దండ, రాక్‌లకి పసుపూ కుంకుమా, గుమ్మం ముందు పగలగొట్టిన గుమ్మడికాయ. పూజ అవగానే పక్కసీటు మిత్రుడు చక్కెరపొంగలి దొన్నె పట్టుకొచ్చాడు. "వద్దు గురూ, మేం తినం" అన్నాను. "పోన్లే" అన్నాడు గానీ మొహం చిన్నబుచ్చుకున్నాడు. సాయంత్రం క్యాబ్‌లో అనిపించింది.. సజీవుడైన దేవుడి కోసం నేను ఇంతవరకూ వదులుకున్నది ఏంటయ్యా అంటే, ఓ దొన్నె పొంగలి!

చీరాలలో మా చిన్నప్పుడు సండేస్కూల్లో నేర్చుకున్న మొదటి పాఠాల్లో ఇదొకటి: వాళ్ళవి రాళ్ళు, మన దేవుడు సజీవుడు. గుడి ముందు నుంచి పోతూ గొప్పగా తల తిప్పుకునేవాళ్ళం. హిందువులు ప్రాణప్రతిష్ఠ చేసి, అందులోకి ఆవాహన చేసిన దేవుడికి మొక్కుతారనీ, చవితి వినాయకుణ్ణి నీళ్ళలో కలిపేసేది కూడా ఉద్వాసన చెప్పాకేననీ తర్వాతెప్పుడో తెలిసింది. ఆ నమ్మకం నాది కాదు. కానీ వాళ్ళకి రాయికీ దేవుడికీ తేడా తెలీదనడం మాత్రం అబద్ధం.

మరి మా మాదిగపేట తాతముత్తాతలు విగ్రహాల్ని ఎందుకు వదిలారు? మా పక్కనే ఉన్న ఒంగోలు బాప్టిస్టు మిషన్ కథ చూడండి. 1866లో జాన్ క్లౌ దగ్గర బాప్తిస్మం తీసుకున్న యెర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారి. అంతకుముందే యోగుల బోధలు విన్నవాడు. విగ్రహంలో దేవుడు లేడన్న మాట ఆయనకి దొర చెబితే తెలిసింది కాదు. కొత్తగా చేరేవాళ్ళకి మిషన్ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు.

ఈ మూడోది చూడ్డానికి వేదాంతంలా ఉంటుంది. మాదిగవాడికి మాత్రం అది ఊరి జాతరలో డప్పు కొట్టనని చెప్పడం. గుళ్ళోకి అడుగుపెట్టనివ్వని దేవుడి ముందు డప్పు కొట్టడం వాడి వంతు మరి! కొట్టనన్నందుకు దెబ్బలు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు.

బువ్వ కోసం మారారంటారు కొందరు. ఆశ ఎవరికీ లేదని నేననను. కానీ 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు, తిండి కోసం ఎవరూ చేరకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్ళీ మొదలుపెట్టాక 1878 జులై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మంది నీళ్ళలోకి దిగారు.

ఇప్పుడు నా సంగతి. పోయినేడు మా పెదనాన్న కూతురు ఒకబ్బాయిని చేసుకుంటానంది. అబ్బాయి క్రిస్టియనే, మంచి ఉద్యోగం, చర్చిలో పాటలు కూడా పాడతాడు. కానీ మాలపేట. "మన వాళ్ళు కారు" అన్నారు పెదనాన్న. సంబంధం పోయింది. ఆరోజు నేను అక్కడే ఉన్నాను. కాఫీ తాగుతూ ఫోన్ చూసుకుంటున్నాను.

115వ కీర్తనలో విగ్రహాల మీద ఎగతాళి మా వాళ్ళందరికీ కంఠతా వచ్చు. నోరుంటుంది మాట్లాడవు, చెవులుంటాయి వినవు.. అలా సాగుతుంది. దాని చివర్లో ఒక చురక ఉంది, దాన్ని మాత్రం త్వరగా చదివేస్తాం. వాటిని చేసేవాళ్ళూ, నమ్ముకునేవాళ్ళూ వాటిలాగే అయిపోతారట. పెదనాన్న హాల్లో నోరుండీ మాట్లాడనిది నేనే. కులమనే విగ్రహాన్ని మేము గుండ్లకమ్మలో వదిలెయ్యలేదు, తడిబట్టల్తో పాటు ఇంటికి తెచ్చుకున్నాం.

పొంగలి ఇకమీదట తింటానని కాదు. విగ్రహం ఉత్తదేనని చెప్పిన పౌలే ఆ బల్లలో పాలు పంచుకోవద్దన్నాడు కూడా. మర్నాడు మా వాడికి అదే విడమరిచి చెప్పాను. "నిన్ననే ఇలా చెప్పుంటే బావుండేది కదరా" అని నవ్వేశాడు. అది తేలికైన పని.

కష్టమైంది ఇంకోటుంది. చెల్లి ఇంకా వేరే సంబంధాలకి ఒప్పుకోవడం లేదు. ఈ ఆదివారం చర్చి అయ్యాక పెదనాన్నకి ఫోన్ చెయ్యాలి. ఆయన నాతో మాట్లాడ్డం మానెయ్యొచ్చు. డప్పు కొట్టనన్న మా ముత్తాతలు పోగొట్టుకున్నదాని ముందు అదెంత?