గాలిమర సరే, మన కపిల సంగతేంటి?

పోయినేడు ప్రాజెక్టు పనిమీద నెదర్లాండ్స్ వెళ్లినప్పుడు, ఓ ఆదివారం రోటర్‌డామ్‌లో పడవెక్కి కిండర్‌డైక్ చూసొచ్చా. మొత్తం 19 గాలిమరలు, చాలావరకూ 1740 ప్రాంతంలో కట్టినవి. 1997లో యునెస్కో జాబితాకెక్కాయి.

ఒకదాన్ని మ్యూజియం చేశారు. మర తిప్పే మనిషి కుటుంబం కాపురమున్న ఇల్లది. పొయ్యి, వంటసామాను, గోడలో అల్మరాలాంటి మంచం... పైన పళ్లచక్రాలు. పల్లపు పొలాల్లో చేరిన నీళ్లను పైకాలువలోకి ఎత్తిపోయడం వాటి పని. ఇప్పుడా పని పంపులు చేస్తున్నాయి. అయినా మరలు తిప్పడం నేర్చుకున్నవాళ్లు వాటిల్లో ఇంకా కాపురముంటున్నారు. ఆ పనితనాన్ని కూడా 2017లో యునెస్కో వారసత్వంగా గుర్తించింది.

అక్కడ నిలబడితే నాకు మా జేజినాయన గుర్తొచ్చాడు. కదిరి పక్క పల్లె మాది. ఆయన కపిల తోలేవాడు. ఎద్దులు వాలులోకి దిగుతుంటే నీళ్ల బాన పైకొచ్చేది. వాళ్లు నీళ్లెక్కువై ఎత్తారు, మేం లేక ఎత్తాం, అంతే తేడా!

నాలుగేళ్ల కిందట నాయన ఫోన్ చేశాడు. "రేయ్, కపిల గిలక పాతసామానోళ్లు అడుగుతాండారు. ఇచ్చేద్దామా?"

"ఇచ్చెయ్ నాయనా, దాన్నేం చేసుకుంటాం?" అన్నా. మీటింగులో ఉన్నా మరి.

ఊరోడి గిలక చూడ్డానికి యూరోలు పెట్టి టికెట్టు కొన్నా, మా గిలక నేనే అమ్మించా!

"తాగడానికి నీళ్లు లేనిచోట మ్యూజియమా?" అంటారు. కపిల మళ్లీ తోలమనడం లేదు. అలా అంటే మా జేజి చీపురు తిరగేస్తుంది, అంత చాకిరీ అది. కానీ మన మ్యూజియాల్లో రాజుల కత్తులుంటాయి, రైతు బాన ఉండదెందుకు? 1990లలోనే మా జిల్లా రామగిరి కొండలమీద కరెంటు గాలిమరలు పెట్టారు. పాతబడినవాటిలో ఒక్కదాన్ని తుక్కుకు అమ్మకుండా ఉంచి, పక్కన ఓ గదిలో కపిల, గానుగ పెడితే ఎంత ఖర్చు?

అసలు పోతున్నది వస్తువు ఒక్కటే కాదు. కోడ్ ఉండి, రన్ చేయడం తెలిసినవాడు కంపెనీ వదిలి వెళ్లిపోతే ఏమవుతుందో మనకు తెలీదా?

జేజినాయన లేడు. ఆయనతో కపిల తోలినాయన ఒకాయన ఊళ్లో ఉన్నాడు, ఎనభై దాటాయి. సంక్రాంతికి వెళ్లి ఆయన చెప్పేదంతా ఫోన్లో వీడియో తీద్దామనుకుంటున్నా. మీ ఊళ్లోనూ ఎవరైనా ఉంటే, తర్వాత చూద్దాంలే అనకండి.