ఫోను టవర్‌కి చెబుతుంది, మనకి చెప్పదు

మొన్న ఆదివారం నాచారం నుంచి ఉప్పల్‌లో అమ్మావాళ్ళింటికి వెళ్ళాను. వెళ్ళగానే కరెంటు పోయింది, దాంతోపాటే ఇంట్లో నెట్టూ పోయింది. నాకేమో ఆఫీసు కాల్ ఉంది, నా ఫోన్లో చార్జింగ్ లేదు. సరే అని నాన్న ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టి లాప్‌టాప్ కలిపాను. అదే ఫోన్లో నాన్న అక్కతో మాట్లాడుతున్నారు. ఆ మాటలు బ్లూటూత్ ద్వారా నేరుగా ఆయన వినికిడి మిషన్లలోకి వెళ్తాయి. కాసేపటికి ఫోన్ పెట్టేసి, "చెవులు ఇంకా తగ్గినట్టున్నాయిరా, అది చెప్పేది సగమే వినబడుతోంది" అన్నారు.

నా అనుమానం చెవుల మీద కాదు, ఫోను మీద. మన దేశంలో 4జీకి వాడే బ్యాండ్లలో ఒకటి 2300 నుంచి 2400 మెగాహెర్ట్జ్ (బ్యాండ్ 40). 2010 వేలంలో బ్రాడ్‌బ్యాండ్ కోసం అమ్మింది ఈ బ్యాండునే. బ్లూటూత్ ఛానెళ్ళు 2402 దగ్గర మొదలవుతాయి. అంటే మధ్యలో గోడ మందం 2 మెగాహెర్ట్జ్! ఫోను టవర్‌కి గరిష్ఠంగా 200 మిల్లీవాట్లతో అరుస్తుంటే, పక్కనే ఉన్న వైఫై, బ్లూటూత్ రిసీవర్లు మిల్లీవాట్‌లో కోటోవంతు సిగ్నల్ వినాలి. మ్యాచ్ రోజు ఉప్పల్ స్టేడియం గేటు దగ్గర నిలబడి గుసగుసలు వినడం లాంటిదే. దానికి తోడు హాట్‌స్పాట్ కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే ఉంది.

ఇంజినీర్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు లెండి. పదునైన ఫిల్టర్లు పెట్టారు. రద్దీ ఛానెళ్ళు వదిలేసి గెంతే తెలివి బ్లూటూత్‌కి 2003లోనే వచ్చింది. వైఫై, బ్లూటూత్ వంతులేసుకుని మాట్లాడతాయి. 3జీపీపీ రిలీజ్ 11లో అయితే, నెట్‌వర్క్ ఒప్పుకుంటే, "నా లోపలే గొడవగా ఉంది, వేరే బ్యాండుకి మార్చు, లేదా మధ్యమధ్యలో విరామమివ్వు" అని ఫోను టవర్‌కి మెసేజ్ పంపొచ్చు.

నా బాధల్లా ఇక్కడే. టవర్‌కి చెప్పగలిగిన ఫోను యజమానికి ఒక్క ముక్క చెప్పదు. దాంతో మనం ఇయర్‌ఫోన్లని, నెట్‌వర్క్‌ని తిట్టుకుంటాం. నాన్నలాంటివాళ్ళు తమ చెవుల్నే అనుమానిస్తారు. "హాట్‌స్పాట్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చమంటారా?" అని ఒక్క లైను చూపిస్తే ఏం పోతుంది?

నేను సెట్టింగ్స్‌లోకి వెళ్ళి 5 గిగాహెర్ట్జ్‌కి మార్చాను. నాన్న మళ్ళీ అక్కకి ఫోన్ చేసి ఇరవై నిమిషాలు మాట్లాడారు. ల్యాబులో కొలిచి నిరూపించిందేమీ కాదిది. కానీ చెవుల డాక్టర్ దగ్గరికి పరిగెత్తేముందు ప్రయత్నించాల్సిన పని మాత్రం ఇదే. పాత లాప్‌టాప్ అయితే 5 అందుకోకపోవచ్చు, అప్పుడు యూఎస్‌బీ కేబుల్‌తో కలుపుకోండి.

ఫోన్ల సాఫ్ట్‌వేర్ రాసే మిత్రులెవరైనా ఇది చదువుతుంటే, ఆ ఒక్క లైను చేర్చండి బాబూ. ఇంట్లో మనలాంటి ఇంజినీరు లేని నాన్నలే ఎక్కువ :)