కొమ్మ ముక్క కూడా విత్తనమే

జెరేనియం అనే పూల మొక్క గురించి రైతు సంఘం పత్రికలో రాయడం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. గుత్తులుగా పూసే ఈ మొక్క యూరప్, అమెరికాల్లో ఇళ్ల ముందు కుండీల్లో, కిటికీల దగ్గర కనిపిస్తుంది. మన మైదాన ప్రాంతాల ఎండలకు అది సరిగా నిలవదు. అయినా దాని గురించి మనం తెలుసుకోవాలి. మొక్క నుంచి కోసిన కొమ్మ ముక్క ఎవరిది అన్న ప్రశ్నకు ఆ దేశాలు ఇలాంటి మొక్కల విషయంలోనే ముందుగా జవాబు రాసుకున్నాయి. ఆ జవాబునే రేపు మన పొలాలకూ వర్తింపజేయాలని చూస్తున్నాయి.

ముందుగా ఒక కొత్త జెరేనియం రకం ఎలా తయారవుతుందో చూద్దాం. ఒక మొక్క పువ్వులోని పుప్పొడి తీసి మరో మొక్క పువ్వుకు అంటిస్తారు. వచ్చిన గింజలు నాటి, మొలిచిన వందలాది మొక్కల్లో పనికొచ్చే కొన్నింటిని ఏరుతారు. గ్రీన్‌హౌస్‌లో గుబురుగా పెరగాలి, త్వరగా పూయాలి, లారీ ప్రయాణానికి తట్టుకోవాలి, తోటలో ఎండకూ వానకూ నిలవాలి. ఎంచుకున్న మొక్క నుంచి కటింగ్‌లు తీసి, అవే లక్షణాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయా అని పరీక్షిస్తారు. ఇందుకు కొన్నేళ్లు పడుతుంది. ఇది నిజమైన శ్రమ. దానికి ప్రతిఫలం ఉండకూడదని ఎవరూ అనరు. ఆ ప్రతిఫలానికి హద్దు ఎక్కడ అన్నదే ప్రశ్న.

అమెరికా 1930లోనే మొక్కల పేటెంట్ చట్టం చేసింది. గింజతో కాక కొమ్మలతో, అంట్లతో పెంచే మొక్కలకు అది వర్తిస్తుంది. ఇప్పుడు దాని గడువు దరఖాస్తు చేసిన నాటి నుంచి 20 ఏళ్లు. పేటెంట్ ఉన్న జెరేనియం కుండీని డబ్బు పెట్టి కొనుక్కున్నవారు కూడా అనుమతి లేకుండా దాని నుంచి కటింగ్ తీసి మరో మొక్క పెంచకూడదు. అదే చట్టంలో బంగాళాదుంప వంటి దుంపలకు మాత్రం మినహాయింపు ఉంది. తినేదీ, నాటేదీ ఒకటే అయిన చోట పేటెంట్ పెడితే చిక్కులు వస్తాయని ఆనాడే గుర్తించారు. యూరోపియన్ యూనియన్ 1994 చట్టం రైతు తన పంట నుంచి తిరిగి విత్తనం వాడుకోవడానికి 21 పంటల్లో మాత్రమే అవకాశం ఇచ్చింది. ఆ జాబితాలో ఒక్క పూల మొక్క కూడా లేదు.

ఈ మొక్కల పూర్వీకులు ఎక్కడివి? తోటల్లో పెంచే జెరేనియంల మూలం దక్షిణాఫ్రికా కొండలు, పొదలు. 17వ శతాబ్దం నుంచి ఓడల మీద యూరప్ చేరాయి. ఈనాడు ఆ మార్కెట్లకు కావలసిన కటింగ్‌లలో పెద్ద భాగం కెన్యా, ఇథియోపియా, గ్వాటెమాలా వంటి దేశాల గ్రీన్‌హౌస్‌లలో కూలీలు కోసి విమానాల్లో పంపుతున్నవే. మొక్క పుట్టిన నేల ఒకరిది, కొమ్మ కోసే చెయ్యి ఇంకొకరిది, హక్కు పత్రం మాత్రం వేరొకరి చేతిలో ఉంది.

ఇదే కుటుంబంలో మన రైతులకు పరిచయమైన మొక్క ఇంకొకటి ఉంది. అది నూనె కోసం పెంచే సువాసన జెరేనియం. లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ (సీమ్యాప్) దీని మీద చాలా కాలంగా పనిచేస్తోంది. హైదరాబాద్ బోడుప్పల్‌లో కూడా దానికి కేంద్రం ఉంది. వానాకాలంలో తల్లి మొక్కలు కుళ్లిపోకుండా తక్కువ ఖర్చుతో పాలిథిన్ కప్పు వేసి కాపాడుకోవడం, చలికాలంలో వాటి నుంచి కటింగ్‌లు తీసి నాటుకోవడం ఆ సంస్థ రైతులకు నేర్పింది. ఒక జెరేనియం కొమ్మ కోస్తే నేరం, మరో జెరేనియం కొమ్మ కోయడం ప్రభుత్వ శిక్షణ. రెండూ దగ్గరి బంధువులే. తేడా ఆ రకం ప్రజల సంస్థ చేతిలో ఉందా, కంపెనీ చేతిలో ఉందా అన్నదే.

మన చట్టం సంగతేమిటి? మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001లో వచ్చింది. అందులో విత్తనం అంటే గింజ ఒక్కటే కాదు, తిరిగి మొక్కగా పెరగగల ఏ భాగమైనా విత్తనమే. చెరకు ముచ్చె, పసుపు కొమ్ము, తమలపాకు తీగ, చామంతి పిలక అన్నీ ఇందులోకి వస్తాయి. సెక్షన్ 39 ప్రకారం రిజిస్టరైన రకమైనా సరే, రైతు దాన్ని దాచుకోవచ్చు, మళ్లీ నాటుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు పేరుతో అమ్మకూడదు, అంతే. చెప్పిన దిగుబడి రాకపోతే పరిహారం కోరే హక్కు కూడా అదే సెక్షన్ ఇచ్చింది.

హక్కు కాగితం మీద ఉంటే చాలదని గుజరాత్ బంగాళాదుంప రైతులు చూపారు. 2019లో పెప్సికో తన రిజిస్టర్డ్ రకాన్ని సాగు చేశారంటూ అక్కడి రైతులపై కోర్టుకెళ్లింది. కొందరి మీద ఒక్కొక్కరి నుంచి కోటి రూపాయలకు పైగా పరిహారం అడిగింది. దేశమంతటా రైతు సంఘాలు లేచి నిలబడ్డాక కేసులు వెనక్కి తీసుకుంది. ఆ రకం రిజిస్ట్రేషన్‌ను 2021లో రద్దు చేశారు. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని పునరుద్ధరించింది. రైతుల్ని కాపాడిన ఆయుధం సెక్షన్ 39. దాన్ని పట్టుకుని నిలబెట్టింది సంఘటిత శక్తి.

ఈ చట్టంలో ఒక సందు కూడా ఉంది, దాచుకోనక్కర్లేదు. హక్కు రైతుకు ఉంది. వ్యాపారం కోసం రక్షిత రకాల మొక్కలు పెంచి అమ్మే నర్సరీకి హక్కుదారుని లైసెన్సు కావాలి. పెద్ద నర్సరీ కంపెనీల విషయంలో అది న్యాయమే. కానీ కడియం ప్రాంతంలో అరెకరం, ఎకరం మీద బతికే కుటుంబాలు రైతులా, నర్సరీ వ్యాపారులా? వాళ్లు రెండూ. పాలీహౌస్‌లో జెర్బెరా వేసే రైతు మొక్క ధరలో రాయల్టీ కూడా కడుతున్నాడు. ఆ రకం మన దేశంలో రిజిస్టరైందా, గడువు ఎప్పటితో ముగుస్తుందో అతనికి చెప్పేవారు లేరు.

మరోవైపు వాణిజ్య ఒప్పందాల చర్చల్లో 1991 నాటి యుపిఒవి ఒడంబడికలో చేరాలని సంపన్న దేశాలు ఒత్తిడి చేస్తూ వచ్చాయి. మన దేశం ఇప్పటికీ అందులో సభ్యురాలు కాదు. చేరితే రైతు తన పంట నుంచి దాచుకున్నది తన పొలంలో నాటుకోవడం కూడా హద్దులకు లోబడిన మినహాయింపుగా మారుతుంది. ఇచ్చిపుచ్చుకోవడం, అమ్ముకోవడం పోతాయి. పూల రైతులకైతే ఆ కాస్త మినహాయింపు కూడా దక్కడం కష్టం.

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ఏ వాణిజ్య ఒప్పందం పేరుతోనూ సెక్షన్ 39ని ముట్టుకోకూడదు. చిన్న నర్సరీ కుటుంబాలను చట్టంలో రైతులుగా గుర్తించాలి. మొక్కలు అమ్మే ప్రతి కంపెనీ బిల్లు మీద రిజిస్ట్రేషన్ నంబరు, గడువు, రాయల్టీ ఎంతో ముద్రించాలి. వెంకటరామన్నగూడెం, ములుగు ఉద్యాన విశ్వవిద్యాలయాలు మన ఎండలకు నిలిచే పూల రకాలు తయారుచేసి రైతులకు ఇచ్చేలా ప్రభుత్వాలు నిధులివ్వాలి. ఇక మనం చేయాల్సిన పని ఒకటుంది. ఊళ్లలో తరాలుగా కాపాడుకొస్తున్న మల్లె, చామంతి, పసుపు రకాలను రైతు రకాలుగా నమోదు చేయించాలి. దానికి రైతులకు రుసుము మినహాయింపు ఉంది. ప్రతి మండల కమిటీ ఈ ఏడాది తన పరిధిలో అలాంటి రకాల జాబితా తయారు చేసుకుని ఈ పనికి దిగాలి.