వద్దనే హక్కు మనకుంది
ఉగాదికి ముందు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఎవరైనా ఒక్కసారి గోంగూర పచ్చడి కోసం వెతికితే చాలు, పట్టుచీరలు, నగలు, హైదరాబాద్ విమాన టికెట్లు, అక్కడి ఫ్లాట్లు ఫోన్లో వరసకడతాయి. కొనకుండా కార్ట్‌లో వదిలేసిన సరుకు మర్నాడు తగ్గింపు ధరతో మళ్లీ పలకరిస్తుంది. మన తటపటాయింపు కూడా ప్రకటనలిచ్చే వాళ్లకు సమాచారమే. ఇక్కడి ఓక్ ట్రీ రోడ్డు మీది చిన్న వ్యాపారులకు ఈ ప్రకటనలు ఆసరా, అది కాదనను. కానీ ఇంటిమీది బెంగను పసిగట్టి, అది ముదిరిన వేళ చూసి అమ్మడం అన్యాయం. 2025 జనవరి 15న అమల్లోకి వచ్చిన న్యూజెర్సీ డేటా ప్రైవసీ చట్టం, భారీగా సమాచారం పోగేసే సంస్థలకు ఇలాంటి ప్రకటనలు వద్దని చెప్పే హక్కు మనకిచ్చింది. 13 నుంచి 16 ఏళ్ల పిల్లల సమాచారాన్ని వాళ్ల అనుమతి లేకుండా ఇందుకు వాడకూడదు. బ్రౌజర్ మన తరఫున పంపే ‘వద్దు’ సంకేతాన్నీ ఆ ఏడాది జులై 15 నుంచి మన్నించి తీరాలి. ఇంత మంచి హక్కు వాడకుండా పడి ఉండటం నాకు బాధగా ఉంది. బ్రౌజర్లో ఆ ‘వద్దు’ సెట్టింగు ఎక్కడుందో మన తెలుగు సంఘాలు పండగ సభల్లోనే చూపించాలి, ముందుగా పిల్లల దగ్గరుంటున్న పెద్దవాళ్లకు.